రక్తపు పోటు మాత్రలు – మూత్రపిండములు

మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు నూలు ధరను గూర్చియు, కూలి రేట్లను గూర్చియు అడుగుట సహజము. ఈ మధ్య వారు తరచుగా అడుగుచున్న ప్రశ్న మరియొకటి కలదు. "సెక్రటరీ గారూ, బి.పి. మాత్రలు వాడితే కిడ్నీలు చెడిపోతాయంట, నిజమేనా?" అని. అడిగి ఊరకుండువారు కొందరు. అడుగకయే మాత్రలు మానివేయువారు మరికొందరు. ముఖ్యముగా అమ్లోడిపిన్ అను మాత్ర వాడుచు, సాయంకాలమునకు కాళ్ళు వాచుట చూచి, కిడ్నీలు చెడినవని భయపడి మాత్రను అవతల పెట్టినవారు మనలో ఉన్నారు. మాత్ర మానగానే పోటు మరల పెరుగును. ఏ మూత్రపిండములను కాపాడుకొనవలెనని మాత్ర మానిరో, పెరిగిన పోటు ఆ మూత్రపిండములనే దెబ్బతీయును. ఇంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి లేదు.

ఇందుకు భాషయు ఒక కారణము. షోలాపురములో వైద్యుడు మరాఠీలో చెప్పును. సేలములో తమిళమున, బరంపురములో ఒడియాలో, బెంగుళూరులో కన్నడమున చెప్పును. చీటీ మాత్రము ఎక్కడైనను ఇంగ్లీషులోనే వ్రాయును. మన పెద్దలు ఆయా భాషలలో బేరసారములు చక్కగా చేయగలరు గాని, తమ ఒంటిలోని సంగతి తెలుగులో చెప్పినగాని వారికి మనసున పట్టదు. అందుచేత ఈ సంచికలో ఆ మాత్రలను గూర్చి వివరముగా వ్రాయదలచితిమి. మేము వైద్యులము కాము. ఎవరికి ఏ మాత్ర, ఎంత మోతాదు అనునది వైద్యుడు నిర్ణయింపవలసినదే. ఆ నిర్ణయము మనకు అర్థమగుటకును, వైద్యుని అడుగవలసిన మాట అడుగుటకును ఈ వ్యాసము తోడ్పడిన చాలును.

ముందుగా సారాంశము చెప్పెదము. అమ్లోడిపిన్ వంటి మాత్రలు మూత్రపిండములను పాడుచేయవు. పాడుచేయునది అదుపులో లేని పోటు. ఐతే మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్న వారికి ఈ మాత్ర ఒక్కటియే సాధారణముగా చాలదు. దీనితో పాటు వేరొక జాతి మాత్ర కూడ కావలసివచ్చును. ఎవరికి ఒక్కటి చాలును, ఎవరికి రెండు కావలెను అనునది తెలుపునది ఒక చిన్న మూత్ర పరీక్ష. ఈ మూడు మాటలకు కారణములేవో ఇక చూతము.

మూత్రపిండము చేయు పని

వెన్నెముకకు ఇరువైపుల, ప్రక్కటెముకల దిగువన, పిడికిలియంత పరిమాణముగల రెండు మూత్రపిండములు ఉండును. చూచుటకు చిన్నవేగాని, గుండె పంపు రక్తములో సుమారు అయిదవ వంతు వీటికే పోవును. అనగా నిమిషమునకు ఇంచుమించు ఒక లీటరు రక్తము. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. ఇవన్నియు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తమునుండి వడకట్టును. అందులో శరీరమునకు కావలసిన నీరు, ఉప్పు, చక్కెర తిరిగి రక్తములోనికే చేరును. వ్యర్థపదార్థములతో కూడిన లీటరున్నర మాత్రము మూత్రమై బయటకు పోవును.

పడుగునకు గంజి పెట్టునప్పుడు కాచిన గంజిని గుడ్డలో పోసి వడకట్టుట మనకు తెలియును. గుడ్డను నెమ్మదిగా పట్టుకొన్న పలుచని గంజి దిగును, ఉండలు పైన నిలుచును. తొందరపడి గట్టిగా పిండిన యెడల గుడ్డ పోగులు ఎడమగును, ఉండలు కూడ క్రిందికి జారును. నాలుగుసార్లు అట్లు పిండినచో ఆ గుడ్డ మరల వడకట్టుటకు పనికిరాదు. మూత్రపిండములోని జల్లెడ గతియు ఇట్టిదే. రక్తములోని ఆల్బుమిన్ పెద్ద అణువు. ఆరోగ్యముగా నున్న జల్లెడ దానిని దాటనీయదు. లోపలి పోటు హెచ్చి జల్లెడ సాగినప్పుడు ఆల్బుమిన్ మూత్రములో కనబడును. అందుచేత మూత్రములో ఆల్బుమిన్ కనబడుట జల్లెడ దెబ్బతినుచున్నదనుటకు తొలి గుర్తులలో ఒకటి.

మన గంజి గుడ్డకును, ఈ జల్లెడకును ఒక భేదము కలదు. గుడ్డ చెడిన వేరొకటి తెచ్చుకొందుము. చెడిన జల్లెడకు బదులు క్రొత్తది పుట్టదు. కొన్ని చెడినప్పుడు వాటి పని మిగిలినవాటి మీద పడును, అవియు క్రమముగా అలసి చెడును. ఈ చెడుటలో నొప్పి లేదు, జ్వరము లేదు. చాలమందికి సగముకన్న ఎక్కువ శక్తి పోవువరకు ఏమియు తెలియదు. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకొనుట ఈ విషయమున చెల్లదు.

పోటు మూత్రపిండమును ఎట్లు తాకును?

ప్రతి జల్లెడకును రెండు సన్నని రక్తనాళములు కలవు. ఒకటి రక్తమును లోనికి తెచ్చునది, రెండవది బయటకు కొనిపోవునది. వీటిని వచ్చు నాళము, పోవు నాళము అని పిలుచుకొందము. జల్లెడలో ఎంత ఒత్తిడి ఉండవలెననునది ఈ రెండింటి బిగువును బట్టి యుండును. పడుగు బిగువు సరిగా నుండుటకు ముందు దోనెను, వెనుక కట్టును రెండింటిని చూచుకొన్నట్లే, ఇక్కడను రెండు కొనలను చూడవలెను.

దేహములో పోటు పెరిగినప్పుడు వచ్చు నాళము తనంతట తాను బిగుసుకొని జల్లెడ మీదికి ఆ పోటు రాకుండ కాచును. ఇది ప్రకృతి యిచ్చిన కాపుదల. ఐతే సంవత్సరముల తరబడి పోటు అధికముగా నున్నచో ఈ నాళముల గోడలు మందమై గట్టిపడును. కాపుదల సడలును. కొన్ని జల్లెడలకు రక్తము చాలదు, కొన్నింటి మీద పోటు నేరుగా పడును. రెండు విధములను నష్టమే. మూత్రపిండములు దెబ్బతిన్నకొలది దేహములో ఉప్పు, నీరు నిలిచి పోటు ఇంకను పెరుగును. పోటు మూత్రపిండమును, మూత్రపిండము పోటును ఇట్లు ఒకదానినొకటి చెరచుకొనుచుండును. ఈ చక్రమును ఎక్కడో ఒకచోట ఆపవలెను. ఆపునది చికిత్స.

"కాల్షియం" అను పేరు

అమ్లోడిపిన్, నిఫెడిపిన్, ఫెలోడిపిన్, సిల్నిడిపిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్ అను మందులు ఒక కుటుంబమునకు చెందినవి. వీటికి కాల్షియం ఛానల్ బ్లాకర్లు అని పేరు. అనగా కణములలోనికి కాల్షియం పోవు దారిని కొంతవరకు మూయు మందులు. కాల్షియం అనగానే మనవారికి ఎముకలును, పాలును, తాంబూలములోని సున్నమును గుర్తుకువచ్చును. "ఈ మాత్ర వేసికొంటే ఎముకలలోని సున్నం పోతుందా? పాలు మానాలా?" అని అడిగినవారు కలరు. ఆ భయము అక్కరలేదు. ఈ మాత్ర ఎముకల జోలికి పోదు. పాలు, పెరుగు, రాగులు తినుటకు ఈ మాత్ర అడ్డము కాదు.

కండ ముడుచుకొనుటకు కాల్షియం అవసరము. ఈ సంగతి తెలిసిన విధము వినదగినది. 1883వ సంవత్సరములో లండనులో సిడ్నీ రింగర్ అను వైద్యుడు కప్ప గుండెను దేహమునుండి వేరుచేసి ఉప్పునీటిలో నుంచి పరీక్షించుచుండెను. కుళాయి నీటితో కలిపిన ఉప్పునీటిలో గుండె కొట్టుకొనుచుండెను. ఆవిరిపట్టి శుద్ధిచేసిన నీటిలో ఉంచగా కొద్దిసేపటికే ఆగిపోయెను. లండను కుళాయి నీటిలో సహజముగా నున్న కాల్షియమే ఆ గుండెను ఆడించినదని ఆయన కనుగొనెను. తరువాత 1960 ప్రాంతములలో జర్మనీ దేశస్థుడైన ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు, కొన్ని మందులు కండలలోనికి కాల్షియం పోకుండ అడ్డుచున్నవని నిరూపించెను. ఈ మందులన్నియు ఆ మార్గమున వచ్చినవే.

రక్తనాళముల గోడలలోను సన్నని కండ కలదు. కాల్షియం లోనికి వచ్చినకొలది అది బిగియును. నాళము బిగిసినకొలది పోటు పెరుగును. కాల్షియం దారిని ఈ మాత్ర కొంత మూయగానే కండ సడలును, నాళము వెడల్పగును, పోటు తగ్గును. మాత్ర చేయు పని ఇంతే. రక్తమును పలుచన చేయదు, మత్తు కలిగింపదు.

ఈ కుటుంబములో రెండు తెగలు కలవు. అమ్లోడిపిన్, నిఫెడిపిన్ మొదలగునవి ముఖ్యముగా రక్తనాళముల మీద పనిచేయును. డిల్టియాజెమ్, వెరాపమిల్ అనునవి గుండె వేగమును కూడ తగ్గించును. అందుచేత గుండె వేగమును తగ్గించు వేరే మాత్రలు, అనగా అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి వాడుచున్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

మూత్రపిండములో ఈ మాత్ర ఏమి చేయును?

జల్లెడకు రెండు నాళములు కలవని చెప్పితిమి. అమ్లోడిపిన్ వంటి మాత్రలు వచ్చు నాళమును బాగుగా తెరచును. పోవు నాళమును అంతగా తెరువవు. రెండింటి గోడలలో నున్న కాల్షియం దారులు ఒకే జాతివి కాకపోవుట ఇందుకు ముఖ్య కారణము.

దీనివలన ఒక లాభము కలదు. మూత్రపిండమునకు రక్తము చక్కగా చేరును. ఉప్పు కొంత ఎక్కువగా బయటకు పోవును. దేహమంతటను పోటు తగ్గుటచేత గుండెకును, మెదడునకును కలుగు మేలు సరేసరి. పోటు తగ్గుటవలన మూత్రపిండమునకు కలుగు మేలు చిన్నది కాదు.

ఒక చిక్కు కూడ కలదు. ఒక తొట్టికి నీరు వచ్చు గొట్టమును వెడల్పు చేసి, పోవు గొట్టమును సన్నగనే ఉంచినయెడల తొట్టిలో నీరు ఒత్తుకొనును. వెనుకనుండి వచ్చు నీటి వేగమే తగ్గినచో చిక్కు లేదు. వేగము తగ్గనప్పుడు మాత్రము ఆ బరువు తొట్టి గోడల మీద పడును. అట్లే, అమ్లోడిపిన్ వాడుచున్నను దేహములో పోటు 160, 170 దగ్గరనే ఆడుచున్న మనిషికి, బిగుసుకొని కాయవలసిన వచ్చు నాళము తెరచియుండుటచేత, ఆ పోటు జల్లెడ మీదికి సులభముగా పోవును. కనుక ఈ మాత్ర వేసికొనుచున్నామను తృప్తి చాలదు. పోటు నిజముగా దిగినదా లేదా అని చూచుకొనవలెను. మాత్ర వాడుట ఒక మాట, పోటు అదుపులో నుండుట మరియొక మాట.

పోవు నాళమును తెరచు మందులు వేరే కలవు. ఆంజియోటెన్సిన్ అను పదార్థము దేహములో పుట్టి పోవు నాళమును బిగించుచుండును. దానిని అడ్డగించు మాత్రలు రెండు తెగలు. పేరు చివర "ప్రిల్" అని వచ్చునవి ఒకటి: ఎనలాప్రిల్, రామిప్రిల్ మొదలగునవి. "సార్టాన్" అని వచ్చునవి రెండవది: టెల్మిసార్టాన్, లోసార్టాన్ మొదలగునవి. వీటివలన పోవు నాళము సడలి జల్లెడలోని ఒత్తిడి దిగును, మూత్రములో పోవు ఆల్బుమిన్ తగ్గును. అందుచేతనే ఆల్బుమిన్ పోవుచున్నవారికి, ముఖ్యముగా మధుమేహముతో అట్లు పోవుచున్నవారికి, వైద్యులు ఈ తెగ మాత్రను ముందుగా వ్రాయుదురు. దానితో పోటు దిగనప్పుడు అమ్లోడిపిన్‌ను జోడింతురు. రెండు గొట్టములును సమముగా తెరచుకొన్నప్పుడు తొట్టిమీద ఒత్తిడి ఉండదు గదా.

పరీక్షలలో తేలిన సంగతులు

ఇవి ఊహాగానములు కావు. వేలకొలది మనుష్యులను సంవత్సరముల తరబడి గమనించి తేల్చినవి. 2001లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, మధుమేహముతోను మూత్రపిండ వ్యాధితోను ఉన్న 1,715 మందిని మూడు భాగములు చేసి, ఒక భాగమునకు ఇర్బెసార్టాన్, ఒక భాగమునకు అమ్లోడిపిన్, ఒక భాగమునకు మందులేని ఉత్త మాత్ర ఇచ్చిరి. పోటు తగ్గించుటకు కావలసిన ఇతర మందులు అందరికిని ఇచ్చిరి. మొదటి రెండు భాగములలోను పోటు ఇంచుమించు సమముగానే దిగెను. ఐనను మూత్రపిండములు మరింత చెడుట, పూర్తిగా ఆగిపోవుట, మరణము అను ప్రమాదములను కలిపి చూడగా, అమ్లోడిపిన్ వారికంటె ఇర్బెసార్టాన్ వారికి నూటికి 23 వంతులు తక్కువగా ఉండెను. పోటు సమానమైనను ఫలితము సమానము కాలేదు. కారణము మనము పైన చెప్పుకొన్న పోవు నాళమే అని వైద్యుల అభిప్రాయము.

అదే సంవత్సరము, పోటువలన మూత్రపిండములు దెబ్బతిన్న 1,094 మంది ఆఫ్రికా సంతతి అమెరికా వాసుల మీద జరుపుచున్న మరియొక పరీక్ష ఫలితములు కొన్ని వెలువడినవి. మూత్రములో మాంసకృత్తు పోవుచున్నవారికి అమ్లోడిపిన్ కంటె రామిప్రిల్ మేలుచేసినట్లు అందులో తేలెను. ఈ రెండింటినిబట్టి అమ్లోడిపిన్ చెడ్డమందు అనుకొనుట పొరపాటు. 2002లో ఫలితములు వెలువడిన ఆల్‌హాట్ అను పెద్ద పరీక్షలో పోటు గల 33,357 మందిని చూచిరి. అందులో అమ్లోడిపిన్ వాడినవారిలో మూత్రపిండములు పూర్తిగా ఆగిపోవుట తక్కిన మందులు వాడినవారికంటె ఎక్కువగా లేదు. పాడుచేయు మందే ఐనచో ఇంతమందిలో అది బయటపడక మానదు.

మూడవ సంగతి ఇంకను ముఖ్యము. బెనాజెప్రిల్ అను మాత్రతో అమ్లోడిపిన్‌ను జోడించుట మేలా, మూత్రము జారీచేయు హైడ్రోక్లోరోథయజైడును జోడించుట మేలా అని 11,506 మందిలో పరీక్షించిరి. మూత్రపిండముల వ్యాధి ముదిరినవారు మొదటి జోడింపులో నూటికి 2.0, రెండవ జోడింపులో నూటికి 3.7 అని 2010లో ప్రకటించిరి. కావున ఒంటరిగా కొందరికి చాలని మాత్రయే, తగిన జోడు దొరికినప్పుడు మూత్రపిండమునకు మంచి చుట్టమగుచున్నది. పడుగు ఒక్కటియే గుడ్డ కాదు, పేక ఒక్కటియే గుడ్డ కాదు.

మన దేశమున 2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమున పెక్కు రాష్ట్రముల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో మొదటి మెట్టుగా ఇచ్చునది అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రయే. పోటు దిగనిచో టెల్మిసార్టాన్ వంటిది చేర్తురు. సర్కారు ఆసుపత్రిలో ఉచితముగా ఇచ్చునది గనుక అది తక్కువరకము మందు అని తలచువారికి ఈ సంగతి తెలుపుచున్నాము. రోజునకు ఒక్కసారి వేసికొన్న చాలుట, ఒకపూట మరచినను వెంటనే పోటు ఎగయకుండుట దీని సుగుణములు. ఇది ఎక్కువగా కాలేయములో జీర్ణమగును గనుక మూత్రపిండములు బలహీనమైనవారికి కూడ సాధారణముగా మోతాదు తగ్గింపనక్కరలేదు.

కాళ్ళవాపు

ఇప్పుడు మనవారిని బెదరించుచున్న కాళ్ళవాపు సంగతి. అమ్లోడిపిన్ సన్నని ధమనులను తెరచును గాని, రక్తమును గుండెకు తిరిగి తీసికొనిపోవు సిరలను అంతగా తెరువదు. అందుచేత చీలమండల యొద్ద రక్తము ఒత్తుకొని, అందలి నీరు కొంత చర్మము క్రిందికి ఊరును. ఇది మాత్రయొక్క గుణము. మూత్రపిండము చెడుటవలన వచ్చినది కాదు. 5 మిల్లీగ్రాములలో కంటె 10 మిల్లీగ్రాములలో ఎక్కువ. గుంటమగ్గములో కాళ్ళు వ్రేలాడవేసికొని పొద్దంతయు కూర్చుండువారికి సాయంకాలమునకు మరింత కనబడును. తెల్లవారుసరికి కొంత తగ్గును.

ఈ వాపునకు మూత్రము జారీచేయు మాత్రలు అంతగా పనిచేయవు. వైద్యునితో చెప్పినచో మోతాదు తగ్గించును, లేక ప్రిల్, సార్టాన్ తెగ మాత్రను చేర్చును. దానిని చేర్చినప్పుడు వాపు తరచుగా తగ్గును. లేదా మందు మార్చును. మీయంతట మీరు మానుట మాత్రము తగదు. నేత మధ్యలో గంటకొకసారి లేచి నాలుగడుగులు నడచుట, రాత్రి కాళ్ళ క్రింద దిండు పెట్టుకొనుట కొంత ఉపశమనము.

ఐతే ప్రతి వాపును మాత్ర మీదికి నెట్టుటయు ప్రమాదమే. ఉదయము లేవగానే ముఖము, కనురెప్పలు ఉబ్బియుండుట, మూత్రము నురుగులు గట్టుట, మూత్రము తగ్గుట, మెట్లెక్కునప్పుడు గాని పండుకొన్నప్పుడు గాని ఆయాసము వచ్చుట, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టుట — వీనిలో ఏది యున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. తలనొప్పి, ముఖము వేడెక్కుట, చిగుళ్ళు ఉబ్బుట, వెరాపమిల్ వాడువారికి మలబద్ధకము అనునవి ఈ మందుల ఇతర చిక్కులు. ఇవియు వైద్యునికి చెప్పవలసినవే.

సభ్యులు గమనింపవలసినవి

మొదటిది, పరీక్షలు. పోటు గలవారు సంవత్సరమునకు ఒక్కసారియైనను రెండు పరీక్షలు చేయించుకొనవలెను. ఒకటి రక్తములో క్రియాటినిన్. దానినిబట్టి మూత్రపిండముల వడపోత శక్తిని లెక్కగట్టుదురు. ఆ అంకె 90, ఆపైన ఉండుట మంచిది. మూడు నెలలకు మించి 60 లోపల ఉన్నచో మూత్రపిండ వ్యాధిగా ఎంచుదురు. రెండవది మూత్రములో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. అది 30 లోపల ఉండవలెను. మనవారు చాలమంది మొదటిది మాత్రమే చేయించుకొని, క్రియాటినిన్ బాగున్నదని నిశ్చింతగా నుందురు. క్రియాటినిన్ పెరుగకముందే ఆల్బుమిన్ కనబడవచ్చును. కనుక "డాక్టరు గారూ, మూత్రంలో ఆల్బుమిన్ చూపించారా?" అని అడుగుటకు మొగమాటపడవద్దు.

రెండవది, పోటు అంకె. సామాన్యముగా 140/90 లోపల ఉండవలెను. మధుమేహముగాని, మూత్రములో ఆల్బుమిన్‌గాని ఉన్నవారికి 130/80 లోపల ఉంచుటకు వైద్యులు ప్రయత్నింతురు. మగ్గము దిగిన వెంటనే, టీ త్రాగిన వెంటనే, బీడీ కాల్చిన వెంటనే పోటు చూపించుకొనరాదు. అయిదు నిమిషములు వీపు ఆనించి మాటలాడక కూర్చుండి చూపించుకొనవలెను.

మూడవది, నొప్పి మాత్రలు. నడుమునొప్పి, మోకాలినొప్పి నేతపనివారికి వెన్నంటియుండును. అందుకై డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటి మాత్రలు అంగడిలో కొని నెలల తరబడి మ్రింగువారు కలరు. ఇవి పోటును పెంచును, మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును. ప్రిల్ లేక సార్టాన్ మాత్రతోను, మూత్రము జారీచేయు మాత్రతోను ఇవి కలిసినప్పుడు మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతినుట కలదు. బి.పి. మాత్ర కిడ్నీ చెడగొట్టునని దానిని మాని, నొప్పి మాత్ర మానకుండువారు, కాచువానిని వెళ్ళగొట్టి దొంగను ఇంట ఉంచుకొన్నట్లే. నొప్పికి ఏది వాడవలెనో వైద్యుని అడుగవలెను.

నాలుగవది, నాలుక క్రింది మందు. పోటు హెచ్చినప్పుడు నిఫెడిపిన్ గొట్టపు మాత్రను చిదిమి నాలుక క్రింద వేయుట పూర్వము వాడుకలో నుండెను. దానివలన పోటు ఒక్కమారుగా పడిపోయి గుండెకు, మెదడునకు, మూత్రపిండములకు రక్తము చాలక ప్రమాదము కలుగును. ఆ పద్ధతిని వైద్యశాస్త్రము విడిచిపెట్టినది. ఎవరైనను అట్లు చేయుమని చెప్పినయెడల ఒప్పుకొనవద్దు.

ఐదవది, ఇతర మందులు. క్లారిత్రోమైసిన్ అను సూక్ష్మజీవి నాశక మందు, ఈ కుటుంబపు మాత్రలు రక్తములో ఎక్కువకాలము నిలుచునట్లు చేయును. వృద్ధులలో ఈ రెండును కలిసినప్పుడు పోటు పడిపోయి మూత్రపిండములు దెబ్బతిని ఆసుపత్రిలో చేరుట హెచ్చినట్లు 2013లో కెనడాలో గమనించిరి. దగ్గుకు, జ్వరమునకు మందు తీసికొనునప్పుడు మీ పాత చీటీని తప్పక చూపవలెను. ప్రిల్, సార్టాన్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారములలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకొనవలెను. వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడు వాటిని కొనసాగింపవలెనా అని వెంటనే వైద్యుని అడుగవలెను. గర్భిణులును, గర్భము కోరువారును ఈ రెండు తెగల మాత్రలు వాడరాదు.

ఆరవది, ఉప్పు. రోజునకు అన్నిటిలో కలిపి 5 గ్రాములు, అనగా ఒక చిన్న టీ చెంచాడు మించరాదు. ఆవకాయ, అప్పడము, వడియము, ఎండుచేప మన ఇండ్లలో అన్నము పక్కన లేని రోజు అరుదు. ఏ ఊరికి వలసపోయినను ఊరగాయ జాడీ వెంట తెచ్చుకొన్న జాతి మనది. పూర్తిగా మానుమని చెప్పుటలేదు. పోటు ఉన్నవారి విస్తరిలో నలుసంత చాలునని ఇల్లాండ్రు గమనింప ప్రార్థన. అట్లే పొగాకు మానినచో నాళములకు మేలు.

కడపటి మాట. పోటు మాత్ర ఒక నెల వాడి, అంకె దిగినది గదా యని మానుట మనలో ఎక్కువ. మాత్ర వాడుచున్నందువలననే అంకె దిగినది. మగ్గము ఆడుచున్నంతకాలము పోగు బిగువు చూచుకొనవలసినట్లే, ఇదియు ఎడతెగక చూచుకొనవలసిన పని.

ప్రాంతీయ సంఘములకు మా సూచన ఒకటి. పోటు చూచు యంత్రము ఖరీదు ఒక మంచి పట్టుచీర ధర కన్న తక్కువ. ప్రతి సంఘమును ఒకటి కొని కార్యాలయమున ఉంచి, కూలి బట్వాడా చేయు దినమున నలుబది దాటిన సభ్యులకును, వారి ఇంటి ఆడవారికిని పోటు చూచి ఒక పుస్తకములో వ్రాసి ఉంచినయెడల, ఎవరి అంకె పెరుగుచున్నదో ఎవరు మాత్ర మానిరో తెలియును. పెరిగినవారిని దగ్గరి ఆరోగ్య కేంద్రమునకు పంపవచ్చును. మరాఠీ, తమిళము, ఒడియా, కన్నడము బాగుగా వచ్చిన యువకుడొకడు తోడుపోయినచో పెద్దలకు వైద్యుని మాట తెలుగులో అందును. ఒక మూత్రపిండ రోగికి వారమునకు రెండుమూడుసార్లు రక్తశుద్ధి చేయించుట ఎంత బరువో, అది ఒక కుటుంబపు మగ్గమును ఎట్లు ఆపివేయునో చూచినవారికి ఈ చిన్న శ్రమ శ్రమగా తోచదు. కార్యవర్గములు ఈ సూచనను రాబోవు సమావేశములలో ఆలోచింప కోరుచున్నాము.